ముక్క పిండే సాలమన్ గారు

సాలమన్ గారు ముక్క పిండుతారు. ఆయన గురించి ముందుగా చెప్పవలసింది ఇదే. చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నాయి గానీ, అవన్నీ ఆయన ముక్క పిండటం పూర్తయ్యేలోగా తీరిగ్గా చెప్పేసుకోవచ్చు.

పేకాట ఎరగని పుణ్యాత్ముల కోసం ఒక మాట. ముక్క పిండటమంటే, పంచిన ముక్కల్ని ఒక్కసారిగా విప్పి చూసుకోకుండా, ఒకదాని వెనక ఒకటి దాచిపెట్టి, అంచు దగ్గర బొటనవేలితో నూలువాసి జరుపుతూ, వచ్చిందేమిటో కొంచెం కొంచెంగా తెలుసుకోవడం. ఆడేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు పిండుతారు. సాలమన్ గారు ప్రతి ఆటలోనూ పిండుతారు, ఐదు ముక్కలూ పిండుతారు. ముందు అంచు కనబడుతుంది. ఎరుపో నలుపో తేలుతుంది. అక్కడ ఆగి ఒక గుటక టీ తాగుతారు. ఇంకాస్త జరిపితే ఇస్పేటో కళావరో తెలుస్తుంది. అక్కడ ఆగి నిట్టూరుస్తారు. మూడో ముక్క దగ్గర కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తారు. తుడవడం అయ్యేసరికి మొదటి ముక్క ఏమిటో మర్చిపోయి, మళ్ళీ మొదటికొస్తారు.

ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్‌కీపర్.

"వందలమంది టైము రాసే మనిషి ఈయనా?" అని జోయెల్ తల పట్టుకునేవాడు. "ఈయన రాసేసరికి వాళ్ళు రిటైరైపోరూ?"

"ఆయ్," అనేవారు సాలమన్ గారు అంచు మీంచి చూపు ఎత్తకుండానే. పాలకొల్లు మనిషి. పొగిడినా తిట్టినా ఆయన దగ్గర దొరికేది ఆ 'ఆయ్' ఒక్కటే.

జోయెల్‌ది గుడివాడ. క్వాంటిటీ సర్వేయర్. గోడ కనబడితే పొడవు, గుంట కనబడితే లోతు కొలిచే జాతి. దోహాలోని అల్ అజీజియా ప్రాంతంలో అతని ఫ్లాట్‌లోనే ప్రతి గురువారం సాయంత్రం క్లబ్ నడుస్తుంది. క్లబ్ అంటే పెద్ద హంగేమీ లేదు. ఒక డైనింగ్ టేబుల్, ఐదు కుర్చీలు, ఒక పేక. శుక్రవారం సెలవు, పొద్దున్నే చర్చి ఉంటుంది కనుక పెందలాడే ఆట ముగించి, సుకుమారి వండింది తిని, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళాలి. సుకుమారి జోయెల్ భార్య, హాస్పిటల్‌లో నర్సు, ఐదుగురిలోనూ ఆట బాగా వచ్చిన మనిషి. ఈ మాట జోయెల్ ఒప్పుకోడు.

మొదట్లో రమ్మీ ఆడేవారు. కౌంట్ల దగ్గర కొట్లాటలు వచ్చి మానేశారు. అప్పుడు జోయెల్ ఆఫీసులో ఫిలిప్పీన్స్ వాళ్ళ దగ్గర డ్రా పోకర్ నేర్చుకొచ్చాడు. తలా ఐదు ముక్కలు పంచుతారు. నచ్చని ముక్కలు పడేసి, అన్నే కొత్తవి తీసుకోవచ్చు. ఆ పైన పందెం. డబ్బు పెట్టి ఆడటం ఈ దేశంలో నేరం, సుకుమారి ఇంట్లో అంతకంటే ఘోరమైన నేరం. అందుకని చింతపిక్కలతో ఆడేవారు. చింతపిక్కలన్నీ పోగొట్టుకున్నవాడు ఆ రాత్రి గిన్నెలు తోమాలి.

ఈ ఆటతో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడ్డవాడు షఫీ. కడప మనిషి, టాక్సీ నడుపుతాడు, మూడు ముక్కలాటలో చెయ్యి తిరిగినవాడు. ఆ ఆటలో కలర్ మీద సీక్వెన్స్ గెలుస్తుంది. పోకర్‌లో సీక్వెన్స్ మీద కలర్ గెలుస్తుంది. ఈ అన్యాయాన్ని షఫీ ఈనాటికీ జీర్ణించుకోలేదు.

"ఏంది సామీ ఇది! వరస కుదరాలంటే ఎంత కష్టం! ఒకే గుర్తు ముక్కలు ఐదు ఏరుకోనీకి ఏముంది?"

"ఏరుకోవడానికి ఇవి వంకాయలా?" అనేది సుకుమారి, చింతపిక్కలు తనవైపు లాక్కుంటూ.

షఫీ వల్లే క్లబ్బులో ఒక రూలు కూడా పుట్టింది. ఒకసారి అతను రెండు వేళ్ళు చూపించి, ముక్కలు వచ్చాక మూడు చూపించానని ఒట్టేశాడు. రగడ అయింది. ఆ రోజునుంచి జోయెల్ శాసనం: ఎన్ని ముక్కలు కావాలో నోటితో చెప్పాలి, అందరికీ వినబడేలా చెప్పాలి, వేళ్ళు చెల్లవు. పందెం కాయడానికి మాత్రం మాటతో పనిలేదు, చింతపిక్కలు ముందుకు తోస్తే చాలు.

ఇక ఐదోవాడు మారుతి. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి, సాలమన్ గారి కంపెనీలోనే కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్. పోకర్ మొదలైన కొత్తలో సాలమన్ గారే తన పాత కారులో కూలీలుండే లేబర్ క్యాంప్ నుంచి వెంటబెట్టుకొచ్చారు. మాట బహు పొదుపు. "ఔ", "అంతే", "అక్కా": వీటితో సాయంత్రమంతా నెట్టుకొచ్చేవాడు. క్యాంప్ మెస్సులో వారమంతా ఒకటే కూర తిన్నవాడు కనుక, సుకుమారి గోంగూర పప్పు ముందు కూర్చుంటే ఆ కాసేపూ కళ్ళు మూసుకునేవాడు. అది చూసి సుకుమారి ప్రతివారం గోంగూర కోసం ఊరంతా తిరిగేది.

ఆటలో మారుతికి పెద్ద పేరుండేది. ఎప్పుడైనా సరే ఒక్క ముక్కే మార్చేవాడు. చేతిలో ఎంత చెత్త ఉన్నా "ఒకటి" అనేవాడు.

"వీడు మామూలోడు కాదు భాయ్," అని షఫీ గుసగుసలాడేవాడు. "ఒకే ముక్క! అంటే నాలుగు ముక్కలు ముందే కుదిరినాయని మనల్ని భయపెడతాండు."

"భయపెట్టడం కాదు, లెక్క," అనేవాడు జోయెల్. "బుర్రలో లెక్క వేస్తున్నాడు."

మారుతి నవ్వి, "అంతే," అనేవాడు.

మారుతి కుర్చీ సాలమన్ గారి పక్కనే. వరసలో సాలమన్ గారి తర్వాత మారుతి. కానీ సాలమన్ గారి వంతు ఎప్పటికి అవుతుంది కనుక? పిండుతూ పిండుతూ ఆయన అనేవారు, "నేను చూసుకుంటుంటానండి. ఈలోగా మారుతి తీసుకుంటాడు."

"వరసండీ! వరస!" అని జోయెల్ అరిచేవాడు.

"యల్లా పెద్దాయనా, యల్లా!" అని షఫీ అరబీలో తొందరపెడుతూ టేబుల్ బాదేవాడు.

"అన్నం చల్లారిపోతోందండీ!" అని సుకుమారి.

ఈ గోలలో ఎప్పుడో మారుతి "ఒకటి" అనడం, ముక్క తీసుకోవడం జరిగిపోయేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. అందరూ సాలమన్ గారిని తిట్టే పనిలో ఉండేవారు. ఆ తిట్ల మధ్య ఆయన ఏదో ఒక ముక్క పారేసి, దాదాపు ప్రతివారం ఓడిపోయి, గిన్నెలు తోమడానికి లేచేవారు.

అదేం చిత్రమో, సింకు దగ్గర ఆయన వేరే మనిషి. చొక్కా చేతులు మడిచారంటే బిర్యానీ డేగిసాతో సహా చిటికెలో బోర్లించేసేవారు. ఒకరోజు సుకుమారి ఇది చూసి జోయెల్‌తో అంది, "ఏవండీ, ఈయన నిదానం చేతుల్లో లేదండీ."

"మరెక్కడుంది?"

"అదే తెలియట్లేదు."

జోయెల్‌కి తెలుసుకునే ఓపిక లేదు. అతను ఇంటికింద గిన్నెల షాపులోంచి ఒక టమాటా కొనుక్కొచ్చాడు. తినే టమాటా కాదు. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే ప్లాస్టిక్ టైమర్. నడుము పట్టి తిప్పితే టిక్ టిక్‌మంటూ వెనక్కి తిరిగి, నిమిషం కాగానే కిర్రుమని మోగుతుంది.

"ఇకనుంచి తలా ఒక నిమిషం," అని జోయెల్ టమాటాను టేబుల్ మధ్యలో ప్రతిష్ఠించాడు. "వరస తప్పకూడదు. మోగేలోగా ఎన్ని ముక్కలో చెప్పకపోతే ఆ ఆట డ్రాప్. ఎవరికైనా మూడుసార్లు మోగితే క్లబ్బుకు శాశ్వతంగా సెలవు."

షఫీ చప్పట్లు కొట్టాడు. ఎవరి మెడ కోసం కత్తి నూరారో చెప్పనక్కర్లేదు.

సాలమన్ గారు టమాటాను కాసేపు చూశారు. "ఎవరికైనానా అండి?"

"ఎవరికైనా."

"ఆయ్," అన్నారు. కానీ ఆ 'ఆయ్' ఎందుకో రోజూ వినే 'ఆయ్'లా లేదు.

మొదటి పంపకంలో ఆయన ఎప్పటిలాగే పిండటం మొదలుపెట్టి, "నేను చూసుకుంటుంటాను, ఈలోగా మారుతి..." అన్నారు.

"కుదరదండీ. మీ నిమిషం మీది, మారుతి నిమిషం మారుతిది."

కిర్ర్ర్! సాలమన్ గారు డ్రాప్. జోయెల్ విజయగర్వంతో టమాటాను మళ్ళీ తిప్పి మారుతివైపు చూశాడు. షఫీ చూశాడు. సుకుమారి చూసింది. ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు. గదిలో టిక్ టిక్ తప్ప చప్పుడు లేదు. మారుతి నోరు తెరిచాడు. ఏదో ఆలోచన తట్టినట్టు మళ్ళీ మూశాడు. ముక్కలవైపు చూశాడు. టమాటా కిర్రుమంది. మారుతి నవ్వి ముక్కలు బోర్లించాడు.

రెండో పంపకంలోనూ సాలమన్ గారికి మోగింది. ఈసారి మారుతి టమాటా తిప్పకముందే తన ముక్కలు పెట్టేశాడు. ఆ తర్వాత ప్రతి ఆటలోనూ మారుతిది అదే వరస; సాలమన్ గారు మాత్రం మూడోది మోగకుండా ఏదో ఒక అంకె చెప్పేస్తూ వచ్చారు. పేక సర్దుతూ జోయెల్ అతను బోర్లించిన ముక్కలు తిప్పి చూస్తే, నాలుగు రాజులు!

"నాలుగు రాజులు పెట్టుకుని డ్రాపా!" అని షఫీ నోరు వెళ్ళబెట్టాడు. "జాలిపడినాడు సామీ! పోనీలే పాపం అని మనల్ని వదిలేసినాడు!"

జోయెల్ కూడా నవ్వాడు. సుకుమారి నవ్వలేదు. మారుతి ఆ పూట గోంగూర పప్పు సగంలో వదిలేయడం ఆమె ఒక్కతే చూసింది. వెళ్తూ వెళ్తూ సాలమన్ గారు గుమ్మం దగ్గర ఆగారు.

"టమాటా చాలా ఖచ్చితంగా పనిచేస్తుందండి," అన్నారు. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఒక సామాను గురించి మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళిపోయారు.

ఆదివారం కాంక్రీటు కొలతలకు జోయెల్ సాలమన్ గారి సైటుకే వెళ్ళవలసి వచ్చింది. ఎండాకాలం కనుక డ్యూటీ తెల్లవారకముందే మొదలవుతుంది. గేటు దగ్గర బారులు తీరిన జనం. కిటికీ వెనక సాలమన్ గారు. జోయెల్ కంటైనర్ ఆఫీసు పక్కన నిలబడి, ఈ క్యూ మధ్యాహ్నానికైనా కదులుతుందా అని చూశాడు.

క్యూ పరుగెడుతోంది. ఆ వేగానికి సాలమన్ గారి చెయ్యి కనబడటం లేదు. వేలిముద్ర మిషను ఒప్పుకుంటే సరే సరి. సిమెంటుకీ చెక్కకీ వేళ్ళు అరిగిపోయిన వాళ్ళను మిషను గుర్తుపట్టదు. అలాంటివాళ్ళు బ్యాడ్జ్ నంబరు నోటితో చెప్పాలి. చెప్పడం ఆలస్యం, సాలమన్ గారు టకటకా కొట్టేసి "నెక్స్ట్" అంటున్నారు. ఒక మనిషి నంబరు సగం చెప్పేసరికే మిగతా సగం ఆయనే చెప్పేశారు. ఇదే మనిషి గురువారం ఒక్క ఆఠీను ఆసును బయటకు తీయడానికి టీ కప్పు ఖాళీ చేస్తాడు!

అంతలో మారుతి కిటికీ ముందుకొచ్చాడు. వేలు పెట్టాడు. మిషను ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. ఇక నంబరు చెప్పాలి.

సాలమన్ గారు కళ్ళద్దాలు తీశారు. చొక్కా అంచు వెతుక్కున్నారు. తుడవడం మొదలుపెట్టారు.

"అరే చాచా, జల్దీ!" అని వెనకనుంచి ఒకడు.

"ఇక్కడ్నే పొద్దుగూకి మల్ల క్యాంప్‌కే పోవాల్నా ఏంది!" అని ఇంకొకడు.

"ఉండండయ్యా, అద్దాలు మసకబారాయి," అంటూ సాలమన్ గారు ఊది, పైకెత్తి చూసి, మళ్ళీ ఊదారు. క్యూ క్యూ అంతా ఆయన్ని తిట్టసాగింది. జోయెల్‌కి పక్కనుంచి మారుతి ముఖం కనబడింది. దవడ బిగుసుకుపోయి ఉంది. మెడనరం పొంగింది. మొదటి అంకె పెదాల దగ్గర ఇరుక్కుని బయటకు రావడం లేదు. అటు తిట్లు ముదిరేకొద్దీ ఇటు ముఖం వదులైంది. ఎవరూ తనవైపు చూడని ఆ గోలలో, మారుతి నంబరు మొత్తం చెప్పేశాడు.

సాలమన్ గారి అద్దాలు తక్షణం శుభ్రపడ్డాయి. "నెక్స్ట్."

జోయెల్ అక్కడే నిలబడిపోయాడు. నాలుగు రాజులు గుర్తొచ్చాయి. ఎప్పుడూ "ఒకటి" ఎందుకో తెలిసింది. మారుతి నోట సులువుగా కదిలే అంకె అదొక్కటే, దాన్ని కూడా తన టమాటా మింగేసింది. గురువారం తను తిప్పి తిప్పి పెట్టిన ఆ టిక్ టిక్ తలుచుకుంటే అతనికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

క్యూ ఖాళీ అయ్యాక కిటికీ దగ్గరకు వెళ్ళాడు. "సాలమన్ గారూ, మీ అద్దాలు అంత మసకా?"

సాలమన్ గారు అతన్ని చూశారు. కంటైనర్‌ను చూశారు. సంగతి అర్థమైంది.

"ఆయ్. ఈ దుమ్ముకి మసకేనండి."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"నేనెలా చెప్తానండి? చెప్పడం, మానడం ఆయనిష్టం. నత్తి అనేది ఆయన గుట్టుగా ఉంచుకున్న సంగతి. తొందరపెడితే మాటకి తాళం పడిపోద్దండి. పెట్టకపోతే, అబ్బో! క్యాంప్ నుంచి మీ ఇంటిదాకా దారంతా ఆయనే మాట్లాడతాడు. నాకు సందివ్వడు."

"అందుకని మీరు తిట్లు తింటారా? ఇక్కడా, అక్కడా?"

"ఎవరో ఒకరు తినాలి కదండీ. నాకు అరుగుతాయి."

జోయెల్‌కి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, కానీ మధ్యలో మిషను అడ్డం. "ఈ గురువారం వస్తాడా?" అని మాత్రం అడిగాడు.

"రాడండి. ఇక ఎప్పటికీ రానన్నాడు. గురువారాలు డ్యూటీ పడిందంట. పడలేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

"ఎలాగైనా తీసుకురండి. రూలు ఎత్తేస్తాను."

"ఊరికే ఎత్తేస్తే ఎందుకెత్తేశారో ఆయనకి తెలిసిపోద్దండి. జాలి చూపిస్తే ఆయన గుమ్మం తొక్కడు."

"అయితే టమాటా సంగతి నాకొదిలేయండి."

గురువారం సాయంత్రం సాలమన్ గారు మారుతిని పట్టుకొచ్చారు. పాత కారు దారిలో ఆగిపోతే తోయడానికి ఒక మనిషి కావాలని చెప్పి ఎక్కించారట. ఇంటిదాకా వచ్చాక గోంగూర వాసన మిగతా పని చేసింది. టమాటా టేబుల్ మధ్యలోనే ఉంది. మారుతి దాన్ని చూసి కుర్చీ అంచున కూర్చున్నాడు.

పంపకం అయింది. మొదటి వంతు జోయెల్‌ది. జోయెల్ ఐదు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి దాచి, బొటనవేలితో అంచు జరపసాగాడు.

షఫీ కాసేపు చూశాడు. "ఏంది జోయెల్ భాయ్, నీకూ తగులుకుందా?"

"ఉండు. ఎర్రగా ఏదో కనబడుతోంది."

కిర్ర్ర్!

"డ్రాప్!" అంది సుకుమారి. భర్త మొహంవైపు ఒకసారి తేరిపార చూసింది. అతను ఆదివారం నుంచి అదోలా ఉండటం ఆమె గమనించింది.

రెండో పంపకంలో జోయెల్ టీ తెప్పించుకున్నాడు. నిట్టూర్చాడు. కిర్ర్ర్! మూడో పంపకంలో కళ్ళద్దాలు తుడవబోయాడు. అతనికి కళ్ళద్దాలు లేవు. సుకుమారివి అడిగి తీసుకుని తుడిచాడు. "నేను చూసుకుంటుంటాను, ఈలోగా మీరెవరైనా కానివ్వండి!"

"వరసండీ జోయెల్ గారూ! వరస!" అని సాలమన్ గారు గట్టిగా అరిచారు. ఆయన అరవగలరని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "తెల్లారి చర్చి ఉందండీ! ఎంతసేపండీ ఆ పిండటం!"

"ఖలాస్! మూడోది మోగతాంది!" అని షఫీ లేచి నిలబడ్డాడు.

కిర్ర్ర్ర్!

జోయెల్ ముక్కలు టేబుల్ మీద పెట్టాడు. "రూలు రూలే. నాకు శాశ్వతంగా సెలవు," అన్నాడు. కానీ క్లబ్ అతని ఇంట్లోనే ఉంది. ఎక్కడికి పోతాడు? తలుపు జరిపి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. బయట గాలి లేదు. ఉక్కకు చొక్కా అప్పుడే వీపుకు అంటుకుంది.

లోపల కాసేపు నవ్వులు. తర్వాత షఫీకి అనుమానం వచ్చింది. "అక్కా, భాయ్ నిజంగా పోతే రేపట్నుంచి ఈ ఇంటి తలుపు మనకెవరు తీస్తారు?"

"ఆయనతోపాటు నేనూ పోతాను. నాతోపాటు వంటా పోతుంది," అంది సుకుమారి. "ఏమంటారు? రూలు ఉంచుదామా, తీసేద్దామా?"

"తీసేయండక్కా, తీసేయండి!"

"తీసేద్దామండి," అన్నారు సాలమన్ గారు.

"నువ్వు చెప్పు మారుతీ."

బాల్కనీలో జోయెల్ తలుపుకు చెవి ఆనించాడు. లోపల సాలమన్ గారు కళ్ళద్దాలు తీయబోయారు. మారుతి ఆయన చేతిమీద చెయ్యి వేసి, వద్దన్నట్టు ఆపాడు.

"తీ... తీ... తీసేయున్రి అక్కా," అన్నాడు. "సా... సారు బయట ఉడికిపోతుండు."

షఫీ వెంటనే అందుకున్నాడు, "నిజమే సామీ, లోపలికి పిలవండి, ఆవిరి పట్టినాడు." సుకుమారి టమాటాను తీసి వంటింట్లో గుడ్ల గిన్నె పక్కన పెట్టింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో గుడ్లు ఎప్పుడూ ఎక్కువ ఉడకలేదు.

ఆట మళ్ళీ మొదలైంది. సాలమన్ గారు ఎప్పటిలాగే అంచు పిండుతూ ఉండిపోయారు. మారుతి తన ముక్కలు చూసుకుని, తొందరేమీ లేకుండా, పడుతూ లేస్తూ, "మూ... మూడు," అన్నాడు.

"మూడా!" అని షఫీ అదిరిపడ్డాడు. "లెక్క మార్చినాడు భాయ్! ఈరోజు మన పని అయిపోయింది!"

అయిపోయింది షఫీ పని కాదు, మారుతి పని. మూడు ముక్కలు, రెండు ముక్కలు, ఒకసారి ఏకంగా ఐదూ మార్చి, చింతపిక్కలన్నీ వరసగా పోగొట్టుకున్నాడు. బుర్రలో లెక్కా లేదు, వ్యూహమూ లేదు. అతనికి ఆట రాదంతే. గిన్నెలు తోముతూ, పక్కన తుడుస్తున్న సుకుమారికి జగిత్యాలలో తాము గోంగూర ఎట్ల వండుతారో చెప్పడం మొదలుపెట్టాడు. గిన్నెలు అయిపోయాయి గానీ కబురు అవలేదు.

జోయెల్ చొక్కా ఆరబెట్టుకోవడానికి ఏసీ కింద నిలబడ్డాడు. సాలమన్ గారు మెల్లగా పక్కకొచ్చారు. ఏదో పెద్దమాట అంటారేమోనని జోయెల్ ఎదురుచూశాడు.

"జోయెల్ గారూ, ఏమనుకోకండి. మీకు పిండటం రాదండి."

"ఆయ్," అన్నాడు జోయెల్.

"బొటనవేలు మరీ బిగించేశారు. ముక్క భయపడిపోద్దండి. వచ్చే గురువారం కాస్త ముందుగా వస్తాను, నేర్పుతాను."